నడుం నొప్పి రైతు తలరాత కాదు

(నర్సంపేటలో రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం మీటింగుల్లో మద్దతు ధర గురించి మాట్లాడుకుంటాం. నకిలీ విత్తనాల గురించి, కాంటా దగ్గర తీసే తరుగు గురించి, కాలిపోయిన మోటార్ల గురించి మాట్లాడుకుంటాం. నడుం నొప్పి గురించి మాత్రం మాట్లాడుకోం. అది ఎవరింట్లో వాళ్లు మూలుగుతూ పడాల్సిన బాధ అనుకుంటాం. “ఎవుసం చేసేటోనికి నడుం నొప్పి రాకుంట ఉంటదా” అని మనకు మనమే సర్ది చెప్పుకుంటాం.

ఈ రోజు మేము చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాట మీదనే. ఆ మాటలో సగం నిజం ఉంది. పని వల్ల వచ్చే నడుం నొప్పి ఉంది. కానీ ఆ మాట చాటున ఇంకో జబ్బు దాక్కుంటున్నది. అది పని వల్ల వచ్చేది కాదు. ఇరవై, పాతికేళ్ల పిల్లలకు వస్తుంది. తొందరగా పట్టుకుంటే మందులతో, కసరత్తుతో అదుపులో ఉంటుంది. పట్టుకోకపోతే వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుని మనిషి కర్రలా బిగుసుకుపోతాడు. ఈ రెండింటినీ వేరు చేసి చూడడం మనకు తెలియాలి. వానాకాలం పనులు మొదలయ్యాక ఎవరికీ తీరిక ఉండదు కాబట్టి ఇప్పుడే మాట్లాడుకుందాం.

వెన్ను ఎట్లా కట్టి ఉంటుంది

మన వెన్నులో కదిలే పూసలు 24. మెడలో 7, వీపులో 12, నడుంలో 5. వాటి కింద ఉన్న పూసలు వయసు వచ్చేసరికి కలిసిపోయి గట్టి ఎముకగా మారి, తుంటి ఎముకల మధ్య మేకులా దిగి ఉంటాయి. పూసకూ పూసకూ మధ్య మెత్తటి దిండు లాంటిది ఉంటుంది. దాన్నే డిస్కు అంటున్నాం. అది కాక ప్రతి రెండు పూసల వెనక వైపు రెండు చిన్న కీళ్లు ఉంటాయి. మోకాలులో ఉన్నట్టే వాటిలో కూడా నున్నటి పొర, కొద్దిగా జిగురు నీరు ఉంటాయి. అందుకే మోకాలికి వచ్చినట్టే వెన్నుకూ కీళ్లవాతం వస్తుంది.

అట్లాగే వెన్ను చివర, రెండు పిర్రల పైన చిన్న గుంటలు పడే చోట, వెన్నూ తుంటీ కలిసే పెద్ద కీళ్లు రెండున్నాయి. వీటిని గుర్తు పెట్టుకోండి. రెండో రకం జబ్బు చాలామందిలో అక్కడే మొదలవుతుంది.

మొదటి రకం: అరుగుదల

ఎడ్లబండి ఇరుసు ఏళ్ల తరబడి తిరిగితే అరిగినట్టే మన వెన్ను కీళ్లూ, డిస్కులూ వయసుతో అరుగుతాయి. డిస్కులో నీరు తగ్గి ఎత్తు తగ్గుతుంది. పూసల అంచులకు చిన్న ముళ్లలాగా ఎముక పెరుగుతుంది. దీన్ని డాక్టర్లు స్పాండిలోసిస్ అంటారు. మన భాషలో “గ్యాపు వచ్చింది”, “బొక్క పెరిగింది” అంటున్నాం.

దీని తీరు ఎట్లా ఉంటుందంటే, సాధారణంగా నలభై దాటాక మొదలవుతుంది. పని చేసిన కొద్దీ పెరుగుతుంది, కాసేపు నడుం వాల్చితే తగ్గుతుంది. పొద్దున లేవగానే పట్టేసినట్టు ఉన్నా పది, పదిహేను నిమిషాల్లో సదురుకుంటుంది. నాట్లేసిన రోజు, బస్తాలు మోసిన రోజు సాయంత్రం ఎక్కువగా ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. స్కాన్ తీయించగానే రిపోర్టులో “అరిగింది, ఉబ్బింది, జరిగింది” అని చూసి సగం ప్రాణం పోతుంది మనకు. 2015లో అచ్చయిన ఒక పెద్ద పరిశీలనలో నొప్పి అసలే లేని వాళ్ల స్కాన్లు చూశారు. 50 ఏళ్ల వాళ్లలో నూటికి 80 మందికి డిస్కు అరుగుదల కనిపించింది. అంటే తల నెరిసినట్టే ఇదీ. రిపోర్టులో అరుగుదల ఉన్నంత మాత్రాన నొప్పి దానివల్లే అని కాదు. ఆపరేషన్ చేయించుకోవాలని అసలే కాదు. అరుగుదల నొప్పుల్లో ఎక్కువ భాగం కసరత్తుతో, పని చేసే తీరు మార్చుకోవడంతో, అవసరమైనప్పుడు కొద్ది రోజుల మందుతో అదుపులోకి వస్తాయి. “ఆరోగ్యశ్రీలో ఫ్రీగా అయితది కదా” అని వెన్ను ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. నరం మీద ఒత్తిడి పడి కాలు బలం తగ్గుతున్నదా, లేదా అన్నదే అసలు ప్రశ్న. ఇంకో డాక్టరును కూడా అడిగి నిర్ణయం తీసుకోండి.

అరుగుదలలోనే మరో రూపం ఉంది. యాభై, అరవై దాటిన వాళ్లు కొంత దూరం నడవగానే రెండు కాళ్లూ బరువెక్కి, పిక్కలు గుంజి, తిమ్మిరెక్కి ఆగిపోతారు. ముందుకు వంగితే, కూర్చుంటే తగ్గుతుంది. సైకిలు మీద వంగి తొక్కితే ఏమీ ఉండదు. ఇది నరాలు పోయే దారి ఇరుకు కావడం వల్ల వస్తుంది. దీన్ని కాళ్ల జబ్బు అనుకుని మోకాళ్లకు మందులు మింగేవాళ్లు చాలామంది ఉన్నారు.

రెండో రకం: వాపు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఒక పిల్లగాడిని ఊహించుకోండి. ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ అయింది, నాయినతోపాటు మిరప తోట చూసుకుంటున్నాడు. ఆరు నెలలుగా నడుం నొప్పి. రాత్రి మూడు గంటలకు నొప్పితో మెలకువ వస్తుంది. లేచి వాకిట్లో నాలుగడుగులు నడిస్తే తగ్గుతుంది. తెల్లారి లేస్తే గంట దాకా నడుం వంగదు. తోటలోకి పోయి పని మొదలుపెడితే పది గంటలకల్లా మామూలు మనిషి అవుతాడు. ఇంట్లో వాళ్లు ఏమంటారు? “పొద్దుగాల లేవనీకి బద్ధకం. పనికి పోతే మంచిగనే ఉంటడు” అంటారు.

సోదరులారా, అది బద్ధకం కాదు. అది జబ్బు చెప్పే గుర్తు. విశ్రాంతితో తగ్గేది అరుగుదల. విశ్రాంతితో పెరిగి, కదిలితే తగ్గేది వాపు. ఇంతకంటే సులువైన తేడా లేదు. దీన్ని ఇంటికి పోయి పది మందికి చెప్పండి.

ఈ జబ్బు పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు, తీరు గుర్తుంటే చాలు. మన ఒంట్లో రోగాలతో కొట్లాడే శక్తి దారి తప్పి మన కీళ్ల మీదే దాడి చేయడం వల్ల ఇది వస్తుంది. వాపు వచ్చిన చోట ఏళ్లు గడిచే కొద్దీ ఎముక పెరిగి పూసల మధ్య వంతెన కడుతుంది.

దీన్ని అనుమానించడానికి గుర్తులు ఇవి. నలభై ఏళ్లలోపు మొదలై ఉండాలి. దెబ్బ తగలకుండా మెల్లగా మొదలై, మూడు నెలలు దాటి ఉండాలి. రాత్రి రెండో జాములో మెలకువ రావాలి. పొద్దున అరగంటకు మించి పట్టేసి ఉండాలి. నొప్పి ఒకసారి కుడి పిర్రలో, ఇంకోసారి ఎడమ పిర్రలో మారుతూ ఉండొచ్చు. వీటితో పాటు మడమ నొప్పి, ఒక మోకాలో చీలమండో వాయడం, చర్మం మీద సోరియాసిస్ పొలుసులు, ఇంట్లో తండ్రికో అన్నకో ఇదే బాధ ఉండడం – ఇవన్నీ అనుమానాన్ని పెంచుతాయి.

ఇంకో ముఖ్యమైన గుర్తు కంట్లో కనిపిస్తుంది. ఒక కన్ను ఉన్నట్టుండి ఎర్రబడి, నొప్పి పెట్టి, వెలుతురు చూడలేకపోతే కండ్ల కలక అనుకుని మెడికల్ షాపులో చుక్కల మందు కొనుక్కోవద్దు. కంటి లోపలి పొర వాచి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే కంటి డాక్టరుకు చూపించాలి. “నాకు నడుం నొప్పి కూడా ఉంది” అని ఆ డాక్టరుకు చెప్పాలి. కంటి డాక్టరు దగ్గర బయటపడిన నడుం జబ్బులు ఎన్నో ఉన్నాయి.

ఇంట్లో చేసుకోదగ్గ రెండు పరీక్షలు చెబుతాం. ఒకటి, మడమలూ పిర్రలూ వీపూ గోడకు ఆనించి నిలబడండి. గదమ పైకెత్తకుండా తల వెనక భాగం గోడకు తగలాలి. తగలకపోతే మెడా వీపూ వంగుతున్నాయని అర్థం. రెండు, దర్జీ టేపు ఛాతీ చుట్టూ పెట్టి ఊపిరి పూర్తిగా వదిలి ఒకసారి, నిండా పీల్చి ఒకసారి కొలవండి. తేడా రెండున్నర సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే పక్కటెముకల కీళ్లు కూడా బిగుసుకుంటున్నాయేమో చూపించుకోవాలి. ఇవి బాగున్నంత మాత్రాన జబ్బు లేదని కాదు, మొదట్లో ఇవి మామూలుగానే ఉంటాయి.

దవాఖానకు పోతే తుంటి కీళ్లు కనిపించేలా ఎక్స్‌రే, రక్తంలో ఈఎస్ఆర్, సీఆర్పీ చూస్తారు. మొదటి ఏళ్లలో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు, ఎమ్మారైలో ముందే తెలుస్తుంది. హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే రక్త పరీక్ష సాయపడుతుంది. కానీ అది ఉన్న వాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు రానే రాదు, కాబట్టి ఆ ఒక్క రిపోర్టు చూసి భయపడొద్దు. మన దగ్గర తరచూ జరిగేది ఏమంటే “కీళ్లవాతం పరీక్ష” అని ఆర్‌ఏ ఫ్యాక్టర్ చేయించి, అది నెగెటివ్ వస్తే “నీకు వాతం లేదు పో” అంటారు. వెన్నుకు వచ్చే ఈ వాతంలో ఆ పరీక్ష మామూలుగా నెగెటివే వస్తుంది.

ప్రపంచమంతా చూసినా నొప్పి మొదలైన రోజు నుంచి జబ్బు పేరు తెలిసే రోజుకు సగటున ఆరేడేళ్లు పడుతున్నది. ఆడవాళ్ల విషయంలో ఇంకా ఆలస్యం అవుతున్నది. ఇది మగవాళ్ల జబ్బు అన్న పాత అభిప్రాయం డాక్టర్లలో కూడా ఉండేది. పెళ్లయిన ఆడపిల్ల నడుం నొప్పి అంటే “కాన్పు అయినంక అందరికీ ఉండేదే” అని తోసేస్తాం. రాత్రి నొప్పితో లేస్తున్నదా, పని మొదలుపెట్టాక తగ్గుతున్నదా అని మాత్రం అడగం. ఇక నుంచి అడుగుదాం.

సూదులు, గోలీలు

నొప్పి రాగానే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి సూది వేయించుకుని పనికి పోతాం. వాళ్లను తిట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. అర్ధరాత్రి పిలిస్తే పలికేది వాళ్లే. కానీ మనం తీసుకుంటున్నది ఏమిటో మనకు తెలియాలి.

డైక్లోఫెనాక్ పేరు మీ అందరికీ తెలుసు. పశువులకు కూడా ఇదే సూది వేసేవాళ్లు. ఆ మందు తీసుకుని చనిపోయిన పశువులను తిన్న రాబందులు కిడ్నీలు చెడిపోయి లక్షల్లో చచ్చిపోయాయి. ఆ సంగతి 2004లో శాస్త్రవేత్తలు తేల్చి చెప్పారు. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని మన దేశం నిషేధించింది. రాబందు ఒళ్లు వేరు, మనిషి ఒళ్లు వేరు. డాక్టరు చెప్పిన మోతాదులో మనుషులకు ఆ మందు పనికి వచ్చేదే. కానీ నెలల తరబడి లెక్క లేకుండా వాడితే మన కిడ్నీలూ దెబ్బ తింటాయి, కడుపులో పుండ్లు పడతాయి, బీపీ పెరుగుతుంది. మే నెల ఎండలో చెమటతో ఒళ్లంతా ఎండిపోయి, నీళ్లు తాగక, పైన ఈ గోలీ మింగితే కిడ్నీకి రెండింతల దెబ్బ. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

వాపు రకం నొప్పికి ఈ మందులు బాగా పని చేస్తాయి. డాక్టరు కూడా మొదట వీటినే రాస్తాడు. తేడా ఏమిటంటే డాక్టరు కిడ్నీ పరీక్ష చేస్తూ, కడుపుకు రక్షణ మందు ఇస్తూ, జబ్బు తీరు చూస్తూ రాస్తాడు. వాటితో లొంగకపోతే వాపునే ఆపే ఇంజెక్షన్లు ఉన్నాయి. అడాలిముమాబ్ అనే మందుకు మన దేశంలోనే తక్కువ ధరకు తయారైన రూపం 2014 చివర్లో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు గోలీల రూపంలో కూడా కొన్ని మందులు ఉన్నాయి. ఇవి మొదలుపెట్టే ముందు టీబీ పరీక్ష తప్పనిసరిగా చేయాలి, ఎందుకంటే లోపల దాగి ఉన్న టీబీని ఇవి లేపగలవు.

ఇంకోటి స్టెరాయిడ్లు. డెక్సామెథాసోన్ లాంటి సూది పడగానే ఒళ్లు తేలికవుతుంది, ఆకలి పుడుతుంది. వెన్ను వాపు జబ్బును అది ఆపదు. నెలల తరబడి వాడితే ఎముకలు గుల్లబారుతాయి, షుగరు వస్తుంది, ముఖం ఉబ్బుతుంది. ఇప్పటికే చాలా కాలంగా వాడుతున్న వాళ్లు మాత్రం ఒక్కసారిగా మానేయొద్దు, ప్రమాదం. డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించుకోవాలి.

నడుం పడితే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించుకోవడం, పిల్లలతో తొక్కించుకోవడం మన దగ్గర ఉంది. బిగుసుకుపోయిన వెన్ను ఎండిన కట్టె లాంటిది. చిన్న దెబ్బకే విరుగుతుంది. వాపు జబ్బు ఉన్నవాళ్లు ఆ పని ఎప్పుడూ చేయించుకోవద్దు. కింద పడ్డాక కొత్త నొప్పి వస్తే ఎముక విరిగిందేమోనన్న అనుమానంతోనే దవాఖానకు పోవాలి.

నల్గొండ నేర్పిన పాఠం

వెన్ను బిగుసుకుపోవడం మన తెలుగు నేలకు కొత్త కాదు. 1937లోనే నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ జబ్బు గురించి డాక్టర్లు రాశారు. అంతకు ముందే ఆ ప్రాంతం రైతులు తమ ఎడ్లు కాళ్లు బిగుసుకుని నడవలేకపోవడం గమనించారని చెబుతారు. ఆ తర్వాత నల్గొండ ఆ బాధకు గుర్తుగా మారింది. మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల్లో వెన్ను వంగిన మనుషులను దేశమంతా చూసింది. నీళ్లలో ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేస్తే దానికి నల్గొండ పేరే పెట్టారు. 2016లో మొదలైన మిషన్ భగీరథతో నది నీళ్లు ఇళ్లకు వచ్చాయి.

అక్కడ కూడా ఏళ్ల తరబడి జనం “మా తలరాత” అనుకున్నారు. తలరాత కాదు, నీళ్లలో ఉన్న విషం అని తేలాక, జనం అడిగాక నీళ్లు మారాయి. మనం నేర్చుకోవాల్సింది ఇదే.

మనకూ దీనితో పని ఉంది. ఇంట్లో నల్లా నీళ్లు తాగి, పొద్దంతా చేను దగ్గర లోతు బోరు నీళ్లు తాగేవాళ్లు ఉన్నారు. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. అది రుచికి తెలియదు, కాగబెడితే పోదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. గదమ ఛాతీకి ఆనకపోవడం, గొంతుకూర్చోలేకపోవడం, చేతులు తల వెనక పెట్టుకోలేకపోవడం, ఊళ్లో పిల్లల పళ్ల మీద గోధుమరంగు మరకలు ఉండడం చూస్తే నీళ్లు పరీక్షకు పంపాలి. ఇంటి నీళ్లే సీసాలో పట్టుకుని చేనుకు పోవడం మంచిది.

టీబీని కూడా మరవొద్దు. అది వెన్నుకూ వస్తుంది. ఒకే చోట ఆగని నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఆకలి పోవడం ఉంటే వెంటనే చూపించాలి. సర్కారు దవాఖానలో టీబీ మందులు పూర్తిగా ఉచితం. చికిత్స ఉన్నన్నాళ్లు తిండి కోసం నెలకు 1,000 రూపాయలు ఇస్తారు.

ఆగకుండా పోవాల్సినవి

ఇవి కనిపిస్తే ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. పంట కోత ఉందని, మార్కెట్ ఉందని ఆగొద్దు. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం మీద అదుపు పోవడం. కూర్చునే చోట, తొడల లోపలి భాగంలో స్పర్శ పోవడం. కాలు పాదం దగ్గర ఈడ్చుకుపోవడం, రోజు రోజుకూ బలం తగ్గడం. చేతి వేళ్లు మొద్దుబారి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, గెట్టు మీద నడుస్తుంటే తూలడం. మొదటి రెండింటిలో గంటలు కూడా లెక్కే. ఆలస్యమైతే పోయిన నరం మళ్లీ రాదు.

కసరత్తు కూడా మందే

వాపు జబ్బుకు మంచం శత్రువు. “పని చేస్తున్నాం కదా, ఇంకేం కసరత్తు” అని అడుగుతారు. పని మనల్ని ముందుకు వంచుతుంది. కసరత్తు వెనక్కి నిలబెడుతుంది. రెండూ ఒకటి కావు.

పొద్దున వేడి నీళ్ల స్నానం తర్వాత ఇరవై నిమిషాలు చాలు. బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకెత్తి పది లెక్క పెట్టండి. చేతులూ మోకాళ్ల మీద ఉండి పిల్లిలాగా వీపు పైకి, కిందికి వంచండి. గోడకు ఆని నిలబడి తల వెనక్కి నొక్కండి. ఊపిరి నిండా పీల్చి వదలండి. నొప్పి కాలిలోకి దిగితే ఆ కసరత్తు ఆపి అడగండి. చెరువులో ఈత వచ్చినవాళ్లకు ఈత మంచిది. వాపు జబ్బు ఉన్నవాళ్లు పలుచని దిండుతో, సాగిపోని పడక మీద పడుకోవాలి. గుంట పడిన నులక మంచం వెన్నును ఆ వంపులోనే ఉంచుతుంది. బీడీ, సిగరెట్ మానాలి, పొగ తాగేవాళ్లలో పూసలు తొందరగా అతుక్కుంటాయి.

పనిలో మార్చుకోదగ్గవి

16 లీటర్ల మందు పంపు నింపితే పంపు బరువుతో కలిపి ఇంచుమించు 20 కిలోలు. ఎకరానికి పది పంపులు కొడితే ఆ బరువు పదిసార్లు కింది నుంచి వీపు మీదికి ఎక్కుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లు పంపును సగానికి కొంచెం పైన నింపుకోండి. గెట్టు మీదో బండి మీదో నడుమెత్తున పెట్టి వీపుకు తగిలించుకోండి. రెండు పట్టీలూ సమానంగా బిగించండి.

బస్తా సంగతి. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మోత బరువుల మీద చేసిన సిఫారసులో పెద్ద మగమనిషి ఒక్కడు మోసే బరువు 55 కిలోలకు మించకూడదని చెప్పింది. ఆడవాళ్లకు అంతకంటే బాగా తక్కువ ఉండాలన్నది. మన కొనుగోలు కేంద్రంలో వడ్ల బస్తా 40 కిలోలు. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలు. డీఏపీ 50. బరువు పరిమితిలోపే ఉన్నా నేల మీది నుంచి వంగి, మెలి తిరిగి లేపితే నడుం మీద భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది. గడ్డపార కొసన బరువు వేలాడదీస్తే ఏమవుతుందో మనకు తెలుసు కదా. బస్తాను ఒంటికి ఆనించుకుని, మోకాళ్లు వంచి, ఇద్దరు కలిసి లేపాలి. తిరగాలంటే నడుం కాదు, పాదాలు తిప్పాలి.

నాట్లు, కలుపు, పత్తి ఏరుడు, మిరపకాయ ఏరుడు – వంగి చేసే ఈ పనుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్లదే. అరగంటకోసారి లేచి, చేతులు నడుంకు పెట్టి వెనక్కి వంగి, పది లెక్క పెట్టనివ్వండి. దాన్ని పని దొంగతనం అనొద్దు. మనమే చేను యజమానులమైన చోట ఈ పద్ధతి మనమే మొదలుపెట్టాలి. నెలసరి ఆగిన అక్కలకు ఎముకలు గుల్లబారి, చిన్న బరువు లేపినా పూస కుంగిపోవచ్చు. ఉన్నట్టుండి వీపు మధ్యలో గట్టి నొప్పి వస్తే పనికి పంపకుండా ఎక్స్‌రేకు పంపండి.

సంఘం చేయాల్సింది

ఇదంతా ఒక్కొక్కరం చేసుకునే పని. అందరం కలిసి చేయాల్సింది కూడా ఉంది.

ప్రతి గ్రామ కమిటీ ఒక పని చేయాలి. నలభై ఏళ్ల లోపు ఉండి మూడు నెలలకు మించి నడుం నొప్పి ఉన్నవాళ్లను అడిగి రాసుకోవాలి. రాత్రి లేస్తున్నారా, కదిలితే తగ్గుతున్నదా అని రెండు ప్రశ్నలు అడగాలి. అవునన్న వాళ్లను ఒక్కొక్కరిగా కాకుండా కలిపి దవాఖానకు తీసుకుపోవాలి. ఒక్కడు పోతే గోలీలు ఇచ్చి పంపుతారు. పది మంది ఒకే ప్రశ్నతో పోతే పరీక్ష చేస్తారు. ఇక్కడ తేలకపోతే వరంగల్ ఎంజీఎంకు, అక్కడి నుంచి అవసరమైతే కీళ్లవాతం విభాగం ఉన్న హైదరాబాద్ నిమ్స్‌కు రాయించుకోవాలి.

నర్సంపేటకు 2024లో సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది. మన మధ్యకు వచ్చిన కాలేజీ మన నడుం సంగతి చూడాలి. వారానికి ఒక రోజైనా కీళ్లవాతం ఓపీ నడవాలని, మండలాల్లో ఫిజియోథెరపిస్టు అందుబాటులో ఉండాలని అడుగుదాం. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలు చేశారు. ఆపరేషన్‌కు ఎంత సులువుగా డబ్బు దొరుకుతుందో, ఏళ్ల తరబడి వాడాల్సిన మందుకూ అంత సులువుగా దొరకాలని అడుగుదాం. కొనుగోలు కేంద్రాల్లో బస్తా లేపడానికి నడుమెత్తు అరుగులు కట్టాలని, చేను బోర్ల నీళ్లు పరీక్ష చేయాలని అడుగుదాం. వెన్ను ఇప్పటికే బిగుసుకుపోయిన వాళ్లకు సదరం క్యాంపులో 40 శాతం వైకల్యం తేలితే పింఛన్‌కు హక్కు ఉంటుంది. ఆ కాగితాల పనిలో కమిటీ వాళ్లు పక్కన నిలబడాలి.

మద్దతు ధర కోసం కలిసి నిలబడ్డాం. ఆ ధర వచ్చిన రోజు బస్తా ఎత్తడానికి మన పిల్లల నడుం నిలబడి ఉండాలి. ఈ రాత్రి ఇంటికి పోయాక, పొద్దున లేవలేక ఎవరిని బద్ధకస్తుడని తిడుతున్నామో వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క మాట అడగండి. “నీకు పడుకుంటే తగ్గుతున్నదా, నడిస్తే తగ్గుతున్నదా?”